బొమ్మల యాత్రా పుస్తకాలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే బొమ్మల యాత్రా పుస్తకాలు ఇంకా కొనాలా అని అడిగే వాళ్లకు నా జవాబు: కొనండి, కాకపోతే అందులో ఎలాంటి బొమ్మలున్నాయో చూసి కొనండి. విశాఖలో మా ఇంట్లో ఇవి మూడు రకాలున్నాయి. ఒళ్లో పెట్టుకుంటే బరువు తెలిసే పెద్ద సైజు ఫొటో పుస్తకాలు మొదటి రకం. కట్టడాన్ని నిలువునా కోసి లోపలంతా చూపించే గీత బొమ్మల గైడ్లు రెండోవి. ఎవరో చిత్రకారులు ఊరూరా తిరుగుతూ రంగులు వేసుకున్న యాత్రా డైరీలు మూడోవి. చాలా ఏళ్లుగా మా ప్రయాణాలన్నీ వీటిలోంచే పుడుతున్నాయి. ఇంట్లోంచి మమ్మల్ని నిజంగా కదిలించి రైలెక్కించినవి మాత్రం ఎక్కువగా రెండో రకమే.

ఈ కోత బొమ్మలకు బాగా పేరు తెచ్చినవి డీకే అనే ప్రచురణ సంస్థ వాళ్ల ఐవిట్‌నెస్ గైడ్లు. 1993 నుంచి వస్తున్నాయి. గుడైనా కోటైనా ఒక పక్క గోడ తీసేసి గీస్తారు. ఎటునుంచి లోపలికి వెళ్లాలి, ఏ అంతస్తులో ఏముంది, ఏ శిల్పం ఏ మూల ఉంది, అన్నీ ఒకే పేజీలో తెలుస్తాయి.

కోణార్క్ సంగతే తీసుకోండి. 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు నరసింహదేవుడు కట్టించిన సూర్యదేవాలయం అది. మన సింహాచలం గుడిని ఇప్పుడున్న రూపంలో కట్టింది కూడా ఆ వంశం కాలంలోనే, కాబట్టి విశాఖ వాళ్లకు చుట్టరికం ఉన్న గుడే. ఫొటోల్లో కనిపించే పెద్ద కట్టడాన్నే చాలామంది గర్భగుడి అనుకుంటారు. అది గర్భగుడికి ముందుండే మంటపం, జగమోహనం అంటారు. దాని వెనక అంతకంటే చాలా ఎత్తుగా ఉండిన అసలు శిఖరం ఎప్పుడో కూలిపోయింది. మిగిలిన జగమోహనమైనా నిలబడాలని బ్రిటిషు వాళ్లు 20వ శతాబ్దం మొదట్లో లోపలంతా ఇసుక నింపి ద్వారాలు మూసేశారు. అంచేత ఇవాళ లోపలికి వెళ్లే వీల్లేదు. లేని శిఖరాన్ని కెమెరా తీయలేదు, మూసేసిన గదిలోకి కెమెరా పోలేదు. గీసేవాడికి ఆ రెండూ అడ్డం కావు. మా గైడులో కూలిన భాగాన్ని పలచటి గీతల్లో పూర్తిచేసి చూపించారు. ఆ పేజీ చూశాకే మా ఇంట్లో కోణార్క్ ప్రయాణం ఖాయమైంది. ఇక్కణ్ణించి భువనేశ్వర్‌కి ఒక రాత్రి రైలు చాలు. అక్కడికెళ్లాక అందరూ చక్రాల దగ్గర ఫొటోలు దిగుతుంటే మేం వెనక్కి వెళ్లి, ఆ శిఖరం లేచి ఉండాల్సిన చోట చాలాసేపు నిలబడ్డాం. పుస్తకం చూడకుండా వెళ్లుంటే ఆ వైపు అడుగైనా వేసేవాళ్లం కాదు.

ఈ గీత బొమ్మలకు ఇంకో పెద్ద ఉపయోగం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏ పేజీ తెరిచినా ఆవిడ ముందు అడిగేది ఒకటే: “ఇందులో మెట్లెన్ని ఉంటాయేటే?” ఫొటో పుస్తకం దీనికి జవాబు చెప్పదు. అజంతా కోత బొమ్మలో మాత్రం అంతా తేటగా ఉంది. గుర్రపు నాడాలా వంగిన కొండ, అడుగున వాఘోరా నది, మొదట్లో మెట్ల వరస, అవి ఎక్కాక గుహల ముందు నుంచి సాగిపోయే దారి. ఆ మొదటి మెట్లు దాటిస్తే మిగతాది నెమ్మదిగా నడిపించవచ్చని బొమ్మలోనే అర్థమైంది. అక్కడ డోలీ వాళ్లుంటారని తర్వాత వాకబు చేసి తెలుసుకున్నాం. అలా ఆవిడ అజంతా చూసింది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని తిరిగే ప్రతి కుటుంబానికీ ఈ రకం పుస్తకం ఒకటి ఉండి తీరాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అదే అజంతా ఫొటో పుస్తకంలో వేరేలా ఉంటుంది. మొదటి గుహ గోడ మీది పద్మపాణి బోధిసత్వుడి బొమ్మ పేజీలో పట్టపగలు చూసినంత వెలుగుగా కనిపిస్తుంది. గుహలో దీపాలు మసకగా పెడతారు, రంగులు పాడవకుండా ఉండాలి కదా. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఓపికగా నిలబడితేనే ఆ ముఖం మెల్లగా పైకి తేలుతుంది. పుస్తకంలో చూసిన వెలుగు కోసం వెతికితే ఇంతేనా అనిపిస్తుంది. మన బొర్రా గుహలకూ ఇదే జరుగుతోంది. రంగు దీపాల కింద తీసిన ఊదా, ఆకుపచ్చ ఫొటోలు చూసి అక్కడి రాయి రంగే అదనుకునే వాళ్లున్నారు. బొర్రాలో అసలు వింత వేరే ఉంది. ఆ గుహల పైనుంచే కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైను పోతుంది. కింద సున్నపురాయి గుహ, పైన అరకు రైలు. ఆ రెండింటినీ ఒకే బొమ్మలో చూపించాలంటే కొండను కోసి గీయాల్సిందే. అలా గీసిన పేజీ కోసం ఎదురుచూస్తున్నాను.

అలాగని ఫొటో పుస్తకాలను తీసిపారేయను. వెళ్లాలన్న కోరిక పుట్టించడంలో వాటిదే పైచేయి. పాత ఫొటోలున్న పుస్తకమైతే మరీ మంచిది. హంపీ విఠల గుడి ముందున్న రాతి రథం మీద ఒకప్పుడు ఇటుకల శిఖరం ఉండేది. అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో తీసిన ఫొటోలో అది స్పష్టంగా కనిపిస్తుంది, ఇప్పుడు లేదు. ఆ పాత ఫొటోని చూసి వెళ్లినవాళ్లు రథాన్ని చూసే తీరే మారిపోతుంది. చిత్రకారుల డైరీల గురించి ఒక్క మాట చాలు: ప్రయాణానికి దారి చూపవు గానీ, ఒకే చోట గంటసేపు కూర్చుని చూడవచ్చని నాకు నేర్పాయి.

కొనే ముందు నేను ఒక పరీక్ష పెడతాను. భారతదేశం మీద పుస్తకమైతే ముందు విశాఖ పేజీ తీస్తాను. ఆర్కే బీచ్ ఫొటోలో ఒక్క మనిషీ లేకపోతే అనుమానించాల్సిందే. సాయంత్రం మురీ మిక్చర్ బండ్లు, పిల్లలు, కురుసుర జలాంతర్గామి ముందు క్యూ లేని ఆర్కే బీచ్ మనకు తెలిసినది కాదు. మన దగ్గరి పాత బౌద్ధ క్షేత్రాల్లో తొట్లకొండ గురించి రెండు వాక్యాలైనా ఉన్నాయా, అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ పేరైనా ఎత్తారా అని చూస్తాను. మనకు తెలిసిన ఊరి విషయంలో శ్రద్ధ పెట్టినవాళ్లు తెలియని ఊళ్ల విషయంలోనూ పెట్టి ఉంటారని నా నమ్మకం. ఇప్పటిదాకా అది వమ్ము కాలేదు.

ఇక మన ఊళ్లో వీటిని కాపాడుకోవడం. బొమ్మల పుస్తకాలు ఆర్ట్ పేపరు మీద అచ్చవుతాయి. నునుపు కోసం ఆ కాగితానికి సన్నటి బంకమట్టి పూత వేస్తారు. తడి తగిలితే ఆ పూత మెత్తబడి, ఆరేటప్పుడు పక్క పేజీని పట్టుకుంటుంది. ఆరిపోయాక విడదీస్తే బొమ్మే ఊడి వస్తుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీల్లోంచి కొట్టిన జల్లుకి మా అరలో కింద వరస తడిసింది. ఆరకముందే ఫ్యాను కింద పెట్టి ఒక్కో పేజీ తిప్పుతూ, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టిన పుస్తకాలు బతికాయి. తుపాను లేకపోయినా సముద్రపు చెమ్మ ఉండనే ఉంటుంది. సముద్రం వైపు గోడకు ఆనించి ఎప్పుడూ పెట్టొద్దు. బీరువాలో నిలబెట్టి, మధ్యలో గాలి ఆడేలా ఉంచండి. బరువైన వాటిని మాత్రం పడుకోబెట్టాలి, లేకపోతే కుట్టు సాగిపోతుంది. అన్నిటికంటే మంచి మందు తరచూ తీసి పేజీలు తిప్పడం. మా ఇంట్లో అది ఆదివారం మధ్యాహ్నాల పని.

కొత్తవి ఖరీదెక్కువ, పాతవి కొనడమే నా సలహా. హోటళ్లు, టికెట్ ధరలు, వేళలు పాతబడతాయి, గుడి కోత బొమ్మ పాతబడదు. కిలోల లెక్కన అమ్మే ప్రదర్శనల్లో జాగ్రత్త, ఆర్ట్ పేపరు బరువుకి అక్కడ అంత చౌకగా ఏమీ రాదు. పాత పుస్తకాల కొట్లో బేరమాడుకోవడమే నయం. సెలవు రోజులు మాత్రం పాత గైడుని నమ్మకుండా మళ్లీ సరిచూసుకోండి. అజంతాకి సోమవారం, ఎల్లోరాకి మంగళవారం సెలవు. ఈ రెండూ కలిపి వేసుకునేవాళ్లు రోజులు లెక్కచూసుకోవాలి. ప్రయాణంలో పుస్తకం మోయనక్కర్లేదు, కావలసిన పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు మా బల్ల మీద తెరిచి ఉన్నది గుజరాత్ పేజీ, పాటన్‌లోని రాణీ కీ వావ్. 11వ శతాబ్దంలో రాణి ఉదయమతి భర్త భీమదేవుడి జ్ఞాపకంగా కట్టించిన మెట్ల బావి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అమ్మ దాన్ని పుస్తకంలో చూడగానే పర్సులోంచి 100 రూపాయల నోటు తీసి పక్కన పెట్టి పోల్చింది. ఊదా రంగు కొత్త నోటు వెనక ఉన్నది అదే. నోటు మీద బొమ్మ ముందువైపు నుంచే కనిపిస్తుంది. పుస్తకంలోని నిలువు కోత బొమ్మలో ఏడంతస్తులూ, వాటి మధ్య మంటపాలూ భూమిలోకి ఎలా దిగాయో తెలుస్తోంది. ఈసారి ఎక్కడం కాదు, దిగడం. దిగినవాళ్లు మళ్లీ ఎక్కాలి కదా అని ఆవిడే గుర్తుచేసింది. పై రెండు అంతస్తుల దాకా అమ్మ, ఆ కింద నేను అని ప్రస్తుతానికి ఒప్పందం. చలికాలం టికెట్లు తెరుచుకోగానే అహ్మదాబాద్‌కి బుక్ చేస్తున్నాను.