పేస్‌మేకర్ చెకప్: బ్యాటరీ ఒక్కటే చూస్తే సరిపోదు

అమీర్‌పేట వైపున్న ఈ పేస్‌మేకర్ క్లినిక్‌కి నాలుగు స్టార్లు. బ్యాటరీ ఎంతుందో చెప్పి పంపేయరు, పేస్‌మేకర్ నుంచి గుండెకి వెళ్లే లీడ్ వైరు మీదే ఎక్కువ సమయం పెడతారు. ఇంపిడెన్స్‌ని, అంటే ఆ వైరులో కరెంటుకి ఎదురయ్యే అడ్డుని, పాత రీడింగులతో పోలుస్తారు. 2000 ఓంలు దాటితే లోపలి తీగ తెగిందనో, కనెక్టర్ స్క్రూ వదులైందనో అనుమానం. 200 కంటే పడిపోతే పైతొడుగు చిట్లి ఉండొచ్చు. కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నలిగే వైరుకి ఏళ్ల తర్వాతైనా ఈ తిప్పలు రావచ్చు. అందుకే చెయ్యి పైకెత్తించి, తిప్పించి, సిగ్నల్‌లో గోల వస్తుందేమో చూస్తారు. తొందరలో ఎగ్గొట్టేది సాధారణంగా ఇదే!

ఒక స్టార్ ఎందుకు కోశామంటే, పాకెట్ (ఛాతీ చర్మం కింద పేస్‌మేకర్ పెట్టిన చోటు) మీది చర్మం చూడటం హడావుడిగా కానిచ్చేశారు. ఇన్ఫెక్షన్ ఖాయమైతే ఉత్త యాంటీబయాటిక్‌తో పోదు, లీడ్‌లతో సహా మొత్తం తీయాల్సిందే. వాచిందని సూది గుచ్చి నీరు తీయించుకోవద్దు. డివైస్ కార్డు, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి.