డాన్యూబ్ క్రూయిజ్‌లో ‘ఒడ్డున అదనపు సమయం’ ప్యాకేజీ కొనేవాళ్ళు జాగ్రత్త

యూరప్‌లో బుడాపెస్ట్ నుంచి న్యూరెంబర్గ్ దాకా డాన్యూబ్ నది మీద, చివర్లో కాలువలో వెళ్ళే క్రూయిజ్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. ‘ప్రతి ఊళ్ళోనూ ఒడ్డున అదనపు సమయం’ అన్న మాట చూసి మామూలు ప్యాకేజీ కంటే ఎక్కువ కట్టేవాళ్ళు మరీ ముఖ్యంగా చదవాలి. మేం అలాగే కట్టాం. ఆ అదనపు సమయంలో సింహభాగం బస్సు కిటికీ పక్కన గడిచిపోయింది. ఏజెన్సీతో వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇక్కడ పేరు కంటే షరతులే ముఖ్యం. ఏ ఏజెన్సీ కాగితం చూసినా అవి దాదాపు ఒకేలా ఉంటాయి.

మాకు అమ్మింది ఇదీ: వియన్నాలో ఓడ రాత్రంతా ఆగుతుంది, రేగెన్స్‌బర్గ్‌లో పూర్తి రోజు, న్యూరెంబర్గ్‌లో ఇంకో పూర్తి రోజు, చివర్లో ప్రాగ్‌లో ‘3 రోజులు’. ఈ ట్రిప్ అంతా నాన్న కోసమే. రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆయన చదవని పుస్తకం తక్కువ. 1945, 46లో నాజీ నాయకుల విచారణ జరిగిన 600వ నంబర్ కోర్టు గది న్యూరెంబర్గ్‌లో ఇప్పటికీ ఉంది. దాన్ని చూడాలని ఆయన కోరిక. ఓడలో పోతే అమ్మ మోకాళ్ళకి శ్రమ ఉండదు, ఊళ్ళో కావలసినంత సమయం ఉంటుంది కాబట్టి నాన్న తీరిగ్గా చూసుకోవచ్చు అనుకున్నాం. ఏజెన్సీ అమ్మాయి కూడా అదే మాట చెప్పింది. వాట్సాప్‌లో రాసి మరీ పంపింది.

జర్మనీ సరిహద్దులోని పస్సౌ చేరిన సాయంత్రం క్రూయిజ్ మేనేజర్ అందరినీ లాంజ్‌లోకి పిలిచి, ఎగువన నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఓడ ఇంక ముందుకు పోదు అని చెప్పారు. రేపు పొద్దున బస్సులు వస్తాయి, న్యూరెంబర్గ్ దగ్గర ఇలాంటిదే ఇంకో ఓడ ఆగి ఉంది, మిగిలిన రాత్రులు అందులో పడుకుంటారు, పెట్టెలు సర్దుకుని గది బయట పెట్టండి అన్నారు. అమ్మ సంచిలో పచ్చళ్ళ సీసాలు మళ్ళీ బట్టల్లో చుట్టింది. ఆ ఓడ దిగి వచ్చినవాళ్ళు మా గదుల్లోకి ఎదురు ప్రయాణం చేస్తారట. కంపెనీకి ఇది బాగా అలవాటైన పని అని, బస్సులు ఎంత చకచకా వచ్చాయో చూస్తేనే తెలిసిపోయింది.

ఇదేదో ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో డాన్యూబ్ చాలావరకు ఆనకట్టలతో, లాకులతో మెట్లు మెట్లుగా ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా నీళ్ళు నిలబడతాయి కాబట్టి ఓడకి లోతు దొరుకుతుంది. బవేరియాలో ష్ట్రౌబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా సుమారు 70 కిలోమీటర్లు మాత్రం నది దాని ఇష్టానికి పారుతుంది. అక్కడ ఆనకట్ట కట్టాలా, నదిని అలాగే ఉంచాలా అని దశాబ్దాల పాటు వాదించుకుని చివరికి కట్టకూడదనే తేల్చుకున్నారు. నదికి అది మంచిదే. వానలు తగ్గాయంటే మాత్రం 135 మీటర్ల పొడవున్న క్రూయిజ్ ఓడ ఆ ముక్క దాటలేదు. వేసవి చివరి నుంచి అక్టోబర్ దాకా ఈ బెడద ఎక్కువ. వరదొచ్చినా ఇబ్బందే. నీటి మట్టం పెరిగితే వంతెనల కింద ఓడ పట్టదు, లాకులు మూసేస్తారు. 2024 సెప్టెంబర్ వరదల్లో ఆస్ట్రియాలో డాన్యూబ్ మీద రాకపోకలు ఆపేస్తే క్రూయిజ్ ప్రయాణికులు వియన్నాలోనే ఓడల్లో ఉండిపోవలసి వచ్చింది. గోదావరి పెరిగితే పాపికొండల లాంచీలు ఆపేయడం మనకి కొత్తేం కాదు కదా, ఇదీ అంతే. తేడా ఏమిటంటే లాంచీ ఆగితే టికెట్ డబ్బులు వెనక్కి అడగొచ్చు.

ఇక్కడ అడగడానికి వీల్లేకుండా షరతుల్లో రాసి పెట్టారు. నీటి మట్టం, లాకులు, వాతావరణం కారణంగా మార్గం మార్చవచ్చు, ఓడ బదులు బస్సు గానీ హోటల్ గానీ ఇవ్వవచ్చు, దానికి పరిహారం ఉండదు అన్న సారాంశంతో ఒక పేరా ఉంది. బుక్ చేసేటప్పుడే ఆ పేరా చూపించి, బస్సులో తిప్పితే అదనపు సమయం మాటేమిటని అడిగాను. ‘అవన్నీ రొటీన్ కండిషన్స్ సార్, ఎవరికీ అప్లై అవ్వవు’ అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ భద్రంగా దాచాను. మీరూ ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి, ప్రతి హామీ రాతలో తెప్పించుకోండి.

ఇక ఒడ్డున మాకు దక్కిన సమయం సంగతి. పస్సౌ నుంచి రేగెన్స్‌బర్గ్ 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారిలో ఆగడాలు, బస్సు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తలలు లెక్కపెట్టడాలు పోగా, పూర్తి రోజు అన్నది మధ్యాహ్నం భోజనం, ఒక గైడ్ నడక దగ్గర ఆగిపోయింది. 12వ శతాబ్దంలో కట్టిన రాతి వంతెన మీద ఫోటో దిగి మళ్ళీ బస్సెక్కాం. యునెస్కో జాబితాలో ఉన్న ఆ పాత ఊరిని అలా చూడటం ఘోరం. న్యూరెంబర్గ్‌లో ఓడ ఊరి మధ్యలో ఆగదు, మైన్-డాన్యూబ్ కాలువ పక్కన ఊరికి దూరంగా ఉన్న రేవులో ఉంటుంది. బ్రోచర్ ఈ విషయం ఎక్కడా చెప్పదు. బస్సు మమ్మల్ని కోట దగ్గర దించి, నిర్ణీత వేళకి మళ్ళీ ఎక్కించుకుంది. కోర్టు గదికి వెళ్ళే వ్యవధి లేదు. నాన్న గొడవ పడే మనిషి కాదు, ఏమీ అనలేదు. మర్నాడు మేమే టాక్సీ పెట్టుకుని తీసుకెళ్ళాం, ఆ పూట ఓడ వాళ్ళ కార్యక్రమం వదిలేసుకుని.

వియన్నా రాత్రి మకాం మాత్రం ఇచ్చారు. కానీ ఆ సమయంలో ఏముందో చూడండి. పొద్దున బస్సులో ఊరు చుట్టి చూపిస్తారు. భోజనానికి ఓడకి తీసుకొస్తారు. మళ్ళీ సాయంత్రం ఏడింటికి డిన్నర్. భోజనం డబ్బు ముందే కట్టేశారు కాబట్టి అందరూ వెనక్కి వస్తారు. అలా రోజులో మనకి మిగిలేది మధ్యాహ్నం ముక్కే. మేం లంచ్ వదిలేశాం. ఓడలు ఆగే రైక్స్‌బ్రూకె రేవు నుంచి కొంచెం నడిస్తే ఫోర్‌గార్టెన్‌స్ట్రాసె మెట్రో స్టేషన్ వస్తుంది. యూ1 లైన్‌లో నాలుగో స్టాప్ స్టెఫాన్స్‌ప్లాట్జ్, అంటే ఊరి నడిబొడ్డు. ట్రిప్ మొత్తంలో హాయిగా గడిచిన పూట అదే. దానికైన ఖర్చు మెట్రో టికెట్లు, రెండు ఐస్‌క్రీములు. అక్కడి కేథడ్రల్ దక్షిణ గోపురానికి 343 మెట్లని చదివి అమ్మ ‘మీరు ఎక్కి రండి, నేను బెంచీ చూసుకుంటాను’ అంది. నాన్న కూడా బెంచీయే ఎంచుకున్నారు.

గది విషయం కూడా ఒక మాట. బాల్కనీ కోసం ఎక్కువ కట్టకండి. రద్దీ రేవుల్లో ఓడలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. ఒక పొద్దున తెర తీస్తే ఎదురుగా పక్క ఓడ పెద్దాయన బనీనుతో కాఫీ తాగుతున్నారు. మీకు ఊళ్ళు చూడటమే ముఖ్యమైతే కింది డెక్ గది చాలు, మిగిలిన డబ్బు ఒడ్డున హోటల్‌కి పెట్టండి.

ప్రాగ్ దగ్గరికొస్తే, ముందు ఒకటి తెలుసుకోండి. ప్రాగ్ డాన్యూబ్ మీద లేదు. అది వల్టావా నది ఒడ్డున ఉంది, ఓడ అక్కడికి వెళ్ళే ప్రసక్తే లేదు. న్యూరెంబర్గ్ నుంచి బస్సులో సుమారు 300 కిలోమీటర్లు. ‘3 రోజులు’ అన్నదానికి అర్థం 2 రాత్రులు. మొదటి రోజు మధ్యాహ్నం దాటాక చేరతారు, మూడో రోజు టిఫిన్ అవగానే ఎయిర్‌పోర్టుకి తోలుకుపోతారు. మధ్యలో మిగిలిన ఒక్క రోజులో సగం గైడ్‌ది. పైగా హోటల్ ఊరి చివర. తిరుపతి ప్యాకేజీ టూర్లలో రాత్రులు, పగళ్ళు ఎలా లెక్కేస్తారో బాగా తెలిసిన మనం, యూరప్ అనేసరికి ఆ లెక్క అడగడానికి మొహమాటపడతాం. అడగండి. రోజులు కాదు, రాత్రులు ఎన్ని అని అడగండి. హోటల్ పేరు రాసివ్వమనండి. ‘లేదా అదే స్థాయి హోటల్’ అని రాస్తే ఒప్పుకోకండి.

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఒడ్డున రోజులు పెంచితే ఇంకో మెలిక ఉంది, అది వీసా. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. క్రూయిజ్ ఒక్కటే అయితే లెక్క ఒకలా ఉంటుంది, చివర్లో ప్రాగ్‌లో నాలుగు రాత్రులు కలిపితే దేశమే మారిపోవచ్చు. ఓడలో పడుకున్న రాత్రి ఓడ ఏ దేశంలో ఉంటే ఆ దేశం ఖాతాలోకి వెళ్తుంది. మా ఏజెన్సీ తమ పని సులువు కావడానికి ప్రాగ్ రాత్రులు చూపించకుండా ఫైల్ తయారు చేసింది. సంతకం పెట్టే ముందు చదివి తిరిగి రాయించాం. వీసా స్టిక్కర్ మీద తేదీలతో పాటు ఎన్ని రోజులు ఉండొచ్చో కూడా వేరుగా రాసి ఉంటుంది. క్రూయిజ్ రోజులకే వీసా వచ్చి, మీరు హోటల్ అదనంగా బుక్ చేసుకుని ఉంటే ఆ హోటల్ డబ్బు గోవిందా. పెద్దలకి వీసా ఫీజు 90 యూరోలు, తిరస్కరిస్తే తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు కాబట్టి చివరి నిమిషం టెన్షన్ పెట్టుకోకండి.

ఇంతా చెప్పి డాన్యూబ్ వద్దంటానా అంటే, అనను. ముఖ్యంగా ఆస్ట్రియాలో క్రెమ్స్, మెల్క్ మధ్య వాఖౌ లోయ, ద్రాక్షతోటల మధ్య నుంచి ఓడ నెమ్మదిగా ఎగువకి వెళ్తుంటే అమ్మ డెక్ మీద నుంచి లేవలేదు. ఓడలో కొనాల్సింది అదే. ఊళ్ళలో గడపాల్సిన సమయాన్ని మాత్రం ఓడ కంపెనీ దగ్గర కొనొద్దు. పస్సౌ, బుడాపెస్ట్ మధ్యే తిరిగే చిన్న క్రూయిజ్ తీసుకుంటే ఆ 70 కిలోమీటర్ల గొడవ తగలదు. రెండు చివర్లా సొంతంగా హోటల్ తీసుకోండి. బుడాపెస్ట్ నుంచి వియన్నాకి రైల్లో మూడు గంటల లోపే, పస్సౌ నుంచి వియన్నాకీ నేరుగా రైలుంది, లిన్జ్ నుంచి సాల్జ్‌బర్గ్ గంటంపావు. ఓడ వాళ్ళు అదే సాల్జ్‌బర్గ్‌ని రోజంతా పట్టే బస్సు విహారంగా విడిగా అమ్ముతారు. రైన్ నది క్రూయిజ్ చూస్తున్నవాళ్ళు కౌబ్ అనే ఊరి దగ్గర నీటి మట్టం కొలిచే గేజ్ గుర్తుపెట్టుకోండి. 2018 అక్టోబర్‌లో అది 25 సెంటీమీటర్లకి పడిపోయింది. ఆ అంకె నది లోతు కాదు, కొలబద్ద మీద రీడింగ్, అసలు లోతు అంతకంటే ఎక్కువే ఉంటుంది. డాన్యూబ్‌కైతే ఫెల్లింగ్, హోఫ్‌కిర్షెన్ గేజ్‌లు చూడాలి. జర్మనీ జలమార్గాల శాఖ వారి ఎల్విస్ సైట్‌లో ఇవి రోజూ ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. మా ఓడ పస్సౌలో ఆగిపోవడానికి ముందు కొన్ని రోజులుగా ఫెల్లింగ్ రీడింగ్ దిగుతూనే ఉంది. కంపెనీకి అది తెలియకపోదు, మాకు చెప్పింది మాత్రం ముందు రోజు సాయంత్రం.

టిప్పులు ప్యాకేజీలో ఉన్నాయా లేవా అన్నది రాయించుకోండి, లేకపోతే చివరి రోజు తలకి, రోజుకి ఇంత అని బిల్లు చేతిలో పెడతారు. శాకాహారం అంటే పాస్తా, ఉడికించిన కూరలు. అమ్మ పొడులు లేకపోతే చాలా కష్టమయ్యేది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ‘నీటి మట్టం వల్ల మార్గం మారితే’ ఏమిస్తారో మెయిల్‌లో అడగండి. మా పాలసీలో ట్రిప్ రద్దయితేనే వర్తిస్తుందట, బస్సులో తిప్పితే ట్రిప్ జరిగినట్టే లెక్క.

తిరిగొచ్చాక ఏజెన్సీకి లెక్క రాసి పంపాం. నీళ్ళు తగ్గడం వాళ్ళ తప్పని అనలేదు. మామూలు ప్యాకేజీకీ ‘అదనపు సమయం’ ప్యాకేజీకీ మధ్య తేడా ఎంతో వాళ్ళ ధరల పట్టికలోనే ఉంది, ఆ తేడా, అందని రోజుల సొమ్ము తిరిగి ఇవ్వమన్నాం. వచ్చే ఏడాది క్రూయిజ్ మీద వాడుకునే వోచర్ ఇస్తామన్నారు. దాంతో పాటు, ఇకమీదట ఏ క్లెయిమూ చేయబోమని సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి జత చేశారు. మేం పెట్టలేదు. మీకూ అలాంటి కాగితం వస్తే తొందరపడి సంతకం చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెన్సీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్ళు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి నమోదు చేయించాం, తర్వాత లాయర్ నోటీసు వెళ్ళింది. బ్రోచర్ పీడీఎఫ్, వాట్సాప్ మెసేజులు, ఓడలో రోజూ గదికి పంపే కార్యక్రమం కాగితాలు అన్నీ దానికి జత చేశాం. ఆ రోజువారీ కాగితాలు పారేయకండి. ఏ రోజు ఎన్నింటికి బస్సెక్కించారో, ఎన్నింటికి దించారో వాటిలోనే ఉంటుంది.