పీత బొరియలు, తడిసిన నోటు పుస్తకాలు: ఒక దీవి ఫీల్డ్ స్కూలు గురించి

పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగంలోని ఒక చిన్న దీవిలో, పురావస్తు శాస్త్రం చదివే విద్యార్థుల కోసం ఏటా నాలుగు వారాల పాటు నడిచే తవ్వకపు శిబిరానికి నేను వెళ్లి వచ్చాను. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల నిర్వాహకుల పేరు గాని, దీవి పేరు గాని ఇక్కడ రాయడం లేదు. తవ్వడం, జల్లించడం, గీయడం, రాయడం నేర్పే విషయంలో ఈ శిబిరానికి నేను వంక పెట్టలేను. నేర్చుకునేవారి ఒంటిని, నిద్రను పట్టించుకునే విషయంలో మాత్రం దీనికి సగం మార్కులు కూడా వేయలేను.

ప్రకటన పత్రంలో నీలి సముద్రం, కొబ్బరి చెట్లు, చేతిలో కుండ పెంకు పట్టుకుని నవ్వుతున్న విద్యార్థులు కనిపిస్తారు. అవన్నీ నిజంగానే ఉన్నాయి. కాకపోతే మాకు సముద్రంతో ఏర్పడిన పరిచయం ప్రధానంగా బకెట్ల ద్వారా ఏర్పడింది, ఎందుకంటే తవ్విన మట్టిని జల్లెడలో కడగడానికి కావలసిన నీరు అక్కడి నుంచే మోసుకురావాలి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రదేశాల్లో ఏడాది పొడవునా ఇంచుమించు ఆరింటికి తెల్లవారి, ఆరింటికే పొద్దు గూకుతుంది. సంధ్య వెలుగు కూడా ఎక్కువసేపు నిలవదు. అందుచేత వెలుతురు రాగానే పనిలోకి దిగి, ఎండ ముదిరేలోగా తవ్వకం ఆపి, మధ్యాహ్నం నుంచి చీకటి పడే వరకు దొరికిన వాటిని కడిగి, వేరుచేసి, నమోదు చేయడంతో రోజు గడిచిపోయేది. ఈ వేళల ఏర్పాటు మంచి ఆలోచన. దాని తరువాత రాత్రి తొమ్మిది వరకు ఉపన్యాసం పెట్టడం మాత్రం అంత మంచి ఆలోచన కాదు.

మేము తవ్వినది మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న గుంటలు. నాలుగు మూలలా మేకులు కొట్టి, దారం లాగి, మట్టి పొర మారినప్పుడల్లా ఆగుతూ, ఒకే పొర మందంగా ఉంటే పది సెంటీమీటర్ల చొప్పున దిగుతూ, ప్రతి మెట్టు అడుగును తాపీతో చదునుగా గీరి, ఫొటో తీసి, గీసి, ఆ తరువాతే కిందికి వెళ్లాలి. మాటల్లో ఇది సులువుగానే ఉంటుంది. సముద్రపు ఒడ్డున ఇసుక గోడలు ఎండితే జారిపోతాయి, వాన పడితే కూలిపోతాయి, మీటరు లోతు దాటాక పోటు సమయంలో అడుగు నుంచి నీరు ఊరుతుంది. కొబ్బరి వేర్లు తాపీకి లొంగవు, కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించాలి. లాగి పీకితే దానితో పాటు పక్క పొర మట్టి కూడా ఊడి వస్తుంది. మొదటి వారమంతా నేను చేసిన పని ఎక్కువగా కత్తెర పనే.

రెండో వారంలో జరిగిన ఒక చిన్న సంగతిని కొంచెం వివరంగా చెబుతాను, ఈ శిబిరం ఎలా నేర్పుతుందో దానివల్ల తెలుస్తుంది. అరవై సెంటీమీటర్ల లోతులో, లేత రంగు పగడపు ఇసుక మధ్య, పిడికిలి వెడల్పున నల్లటి గుండ్రని మచ్చ ఒకటి నాకు కనిపించింది. పాత ఇంటి స్తంభం పాతిన గుంట దొరికిందని నా గుండె ఝల్లుమంది. గబగబా గీసేసి, అందులోని మెత్తటి మట్టిని తీసి, వచ్చిన మూడు కుండ పెంకులను ఆ మెట్టులో అంతకుముందు దొరికిన పెంకుల సంచిలోనే వేసేశాను. పర్యవేక్షకురాలు వచ్చి ఏమీ అనకుండా గుంటలోకి దిగి, ఆ మచ్చలో వేలు పెట్టి నెమ్మదిగా లోపలికి పొమ్మంది. వేలు ముందు కిందికి వెళ్లింది, తరువాత పక్కకు తిరిగింది. స్తంభపు గుంట నిటారుగా దిగి ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఇలా మెలికలు తిరగదు. అది పీత బొరియ. ఇంకొంచెం మట్టి తీయగానే దాని అడుగున ప్లాస్టిక్ కాగితపు ముక్క ఒకటి బయటపడి, మిగిలిన సందేహాన్ని కూడా తీర్చేసింది.

అప్పుడు ఆమె నా చేత చేయించిన పని నేను ఎప్పటికీ మరచిపోలేను. సంచిలో కలిసిపోయిన పెంకుల్లో ఏవి బొరియవో ఇక తేల్చలేం కాబట్టి, మొత్తం సంచిపై 'కలగలిసినది' అని రాయించింది. బొరియకు వేరే సంఖ్య ఇప్పించింది. పుస్తకంలో 'స్తంభపు గుంట' అన్న మాటను చెరిపివేయనివ్వకుండా ఒకే గీతతో కొట్టించి, పక్కన సరైన మాట, తేదీ, పొరబాటుకు కారణం రాయించింది. తవ్విన చోటును మళ్లీ తవ్వలేం గనుక, తప్పు ఎలా జరిగిందన్నది కూడా తరువాత చదివేవాళ్లకు కావలసిన సమాచారమేనని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయింది. ఉష్ణమండలపు ఒడ్డుల్లో పీతలు ఇలా పై పొరల వస్తువులను కిందికి, కింది పొరల వాటిని పైకి చేరవేస్తూనే ఉంటాయని తరగతిలో నేను అంతకుముందే చదివి పరీక్షలో రాశాను కూడా. వేలు పెట్టి చూసేదాకా అది నాకు తెలియలేదనే చెప్పాలి.

జల్లెడ పని ఈ శిబిరానికి ప్రాణం. ఆరు మిల్లీమీటర్ల కన్నులున్న జల్లెడ కింద మూడు మిల్లీమీటర్లది పెట్టి, సముద్రపు నీటితో కడిగి, పైదానిలో పెంకులు, పెద్ద గవ్వలు, కింది దానిలో చేప ఎముకలు, ఎలుక ఎముకలు ఏరాలి. పసిఫిక్ ఎలుక తనంతట తాను సముద్రం దాటలేదు, మనుషుల పడవల్లోనే దీవి నుంచి దీవికి చేరింది. కాబట్టి దాని ఎముక ఏ పొరలో మొదట కనిపిస్తుందో అక్కడికి మనిషి అప్పటికే వచ్చి ఉండాలి. అగ్గిపుల్లలో నాలుగో వంతు కూడా లేని దవడ ముక్క ఒకటి నా పళ్లెంలో దొరికిన రోజు, అంతకుముందు మూడు రోజులు ఒట్టి గులకరాళ్లు ఏరిన విసుగు తీరిపోయింది. నేనే ఒక రోజు తొందరపడి ఎండకముందే ఏరబోయి సగం ఎముకలు వదిలేశాను. తడి ఇసుకలో ఎముక, పగడం ముక్క ఒకే రంగులో ఉంటాయి.

గవ్వలను జాతుల వారీగా విడదీయడానికి మాకు ఒక అట్ట పట్టిక ఇచ్చారు. దానితో రెండు గంటలు కుస్తీ పట్టి నేను వేసిన కుప్పలను, ఆ భూమి సొంతదారుల కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ వచ్చి చూసి, నవ్వి, పది నిమిషాల్లో తిరగేసి మళ్లీ వేసింది. ఏది సముద్రంలోని పగడపు దిబ్బ మీద దొరుకుతుందో, ఏది మడ చెట్ల బురదలో దొరుకుతుందో, దేన్ని ఆటు సమయంలో మాత్రమే ఏరగలరో ఆమె దుబాసీ ద్వారా చెబుతుంటే, నా పట్టిక వెనుకవైపు రాసుకున్నాను. ఆ ప్రాంతపు అనేక దీవుల్లో భూమి కుటుంబాలకు, వంశాలకు ఉమ్మడిగా చెందుతుంది కాబట్టి, ప్రభుత్వపు అనుమతి పత్రం చేతిలో ఉన్నా వారి సమ్మతి లేకుండా తాపీ పెట్టడానికి వీల్లేదు. మొదటి రోజంతా వారితో కూర్చోవడానికే కేటాయించారు. రోజు వృథా అయిందని గొణిగిన విద్యార్థుల్లో నేనూ ఒకడిని. ఆ గొణుగుడును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రి ఉపన్యాసాలు అలసట వల్ల కష్టంగా ఉన్నా, విషయంలో పస ఉన్నవి. ఆ ప్రాంతపు తవ్వకాల్లో ప్రతివారూ వెతికేది లపీటా కుండలను. పళ్ల దువ్వెన లాంటి పనిముట్టుతో తడి మట్టిపై అద్ది చేసిన చుక్కల గీతల అలంకారం వాటి గుర్తు. ఇంచుమించు 3000 ఏళ్ల కిందట పాపువా న్యూ గినీ దగ్గరి బిస్మార్క్ దీవుల నుంచి టోంగా, సమోవా దాకా వ్యాపించిన ప్రజల వెంట అవి వెళ్లాయి. ఆ పేరు 1952లో ఎడ్వర్డ్ గిఫర్డ్, రిచర్డ్ షట్లర్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు న్యూ కాలెడోనియా దీవిలో తవ్విన చోటు నుంచి వచ్చింది. స్థానిక భాషలో గొయ్యి తవ్వడమనే అర్థమున్న మాటను తవ్వకందారులు సరిగా వినకపోవడం వల్ల అది ఊరి పేరుగా, తరువాత ఒక సంస్కృతి పేరుగా స్థిరపడిందని విన్నప్పుడు, నిద్రమత్తులో ఉన్న గుడారమంతా నవ్వింది. కుండ మట్టిలో కలిపిన ఇసుక రేణువులను సూక్ష్మదర్శినిలో చూసి ఆ కుండ ఏ దీవిలో తయారైందో చెప్పవచ్చని, విలియం డికిన్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఇదే పని చేశాడని చెప్పి, మర్నాడు మా చేతనే పెంకుల విరిగిన అంచులు చూపించారు. అగ్నిపర్వతపు నల్ల రేణువులు ఒక్కటి కూడా పుట్టని పగడపు దీవి మీద, నల్ల రేణువులున్న పెంకు చేతిలో పట్టుకున్నప్పుడు ఉపన్యాసం దానంతట అదే అర్థమైంది.

కాల నిర్ణయం గురించిన పాఠం కూడా అంతే గట్టిగా చెప్పారు. బొగ్గు దొరికింది కదా అని ఏ ముక్కనైనా, అందులోని కర్బనాన్ని కొలిచి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పరీక్ష కోసం ప్రయోగశాలకు పంపకూడదు. వందల ఏళ్లు బతికిన చెట్టు నడిమి చేవ బొగ్గు, పొయ్యి వెలిగించిన నాటి కంటే ఎంతో పాత తేదీని ఇస్తుంది. కాబట్టి ఒక్క ఏడాదిలో పెరిగే కొబ్బరి చిప్ప బొగ్గు లాంటిదాన్ని ముందు వెతకాలి. సముద్రపు గవ్వలైతే నీటిలోని పాత కర్బనం వల్ల సగటున 400 ఏళ్లు ఎక్కువ వయసు చూపిస్తాయి గనుక సవరణ తప్పనిసరి.

ఇక ఫిర్యాదులు. వాన కాలంలో కాకపోయినా రోజూ ఏదో ఒక సమయంలో వాన పడే దీవిలో, బట్టలు గాని, గుడారాలు గాని, నోటు పుస్తకాలు గాని ఆరబెట్టుకోవడానికి కప్పు ఉన్న చోటు ఒక్కటీ ఏర్పాటు చేయలేదు. ఉన్న ఒకే ఒక రేకుల షెడ్డును కుండ పెంకులకు ఇచ్చారు. ఉప్పు నీటిలో ఊరిన పెంకులను నేరుగా ఎండబెడితే ఉప్పు స్ఫటికాలు కట్టి పై పొర పెచ్చులూడుతుంది కాబట్టి, వాటిని మంచినీటిలో పదేపదే నానబెట్టి నీడలో ఆరనివ్వాలి. ఇందులో నాకు అభ్యంతరం లేదు. కాని చిన్న దీవిలో మంచినీరంటే వాన తొట్టెలో ఉన్నదే గనుక, ఆ నాలుగు వారాల్లో మాకంటే పెంకులే ఎక్కువసార్లు మంచినీటి స్నానం చేశాయి.

ఇంతకంటే గట్టి ఫిర్యాదు గాయాల గురించి. పగడపు రాయి గీసుకున్న చిన్న గాయం ఆ తేమలో, ఆ వేడిలో రెండు రోజుల్లో చీము పడుతుంది. నాకు చీలమండ దగ్గర సరిగ్గా అదే జరిగింది. ప్రథమ చికిత్స పెట్టె ఉంది, దాని తాళం చెవి మాత్రం సరుకులకు వెళ్లిన పడవలో ఉంది. సాయంత్రం దాకా కాచి చల్లార్చిన నీటితో కడుక్కుంటూ కూర్చున్నాను. డెంగ్యూ దోమ పగటి పూటే కుడుతుందని తెలిసి కూడా దోమతెరలు మాత్రమే ఇచ్చి, పగటి పనికి పూసుకునే మందు ఎవరిది వారే తెచ్చుకోవాలన్న సంగతిని ముందుగా పంపిన జాబితాలో ఎక్కడో ఒక చివరన రాశారు. వారానికి ఒక సెలవు అని ప్రకటించినా, వాన వల్ల పోయిన పనిని సెలవు రోజున పూర్తి చేయించినందువల్ల నాలుగు వారాల్లో మాకు దక్కినది ఒకటిన్నర రోజు. అలసిన చేయి గీసిన గీత వంకరగా వస్తుంది, అలసిన కన్ను చేప ఎముకను వదిలేస్తుంది. ఇది విద్యార్థుల సుఖానికే పరిమితమైన విషయం కాదని నిర్వాహకులకు తెలియకుండా ఉండదు.

వెళ్లేవారు పెన్నులు ఇంట్లోనే వదిలేయడం మంచిది. తేమకు సిరా పాకిపోతుంది, పెన్సిల్ రాత మాత్రం తడిసినా నిలుస్తుంది. సంచి లోపల వేసే చీటీని విడిగా చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి వేయాలి. మట్టి రంగును, ఒక్కో రంగుకు ఒక్కో సంఖ్య ఇచ్చే మన్సెల్ పట్టికతో పోల్చేటప్పుడు తడి మట్టినా, పొడి మట్టినా అన్నది రాయకపోతే ఆ సంఖ్య ఎందుకూ పనికిరాదు. చెట్టు నీడలో నిలబడి చూస్తే ఆకుల పచ్చదనం పడి రంగు మారి కనిపిస్తుంది. మా జట్టులో ఇద్దరం ఒకే మట్టికి రెండు వేర్వేరు సంఖ్యలు రాసి, వాదించుకుని, చివరికి నీడలోంచి బయటికి నడిచి వచ్చి రాజీ పడ్డాం.

చివరి రెండు రోజులు గుంటలు పూడ్చడానికే సరిపోయాయి. అడుగున గుడ్డ లాంటి నేత పట్టా పరిచి, మునుముందు మళ్లీ తవ్వేవారికి మేము ఎంతవరకు దిగామో తెలిసేలా ఆ ఏటి నాణెం ఒకటి వేసి, నాలుగు వారాలు తాపీతో తీసిన ఇసుకను పారలతో ఒక పూటలో నింపేశాం. దొరికిన వస్తువులన్నీ ఆ దేశపు మ్యూజియానికి వెళ్లాయి. మా పుస్తకాలు కూడా తవ్వకపు దస్త్రంలో భాగం కాబట్టి అక్కడే ఉండిపోయాయి, రెండు నెలల తరువాత పంపుతామన్న నకళ్లు ఐదు నెలలకు వచ్చాయి. ఆరబెట్టుకునే షెడ్డు గురించి, తాళం చెవి గురించి నిర్వాహకులకు ఉత్తరం రాశాను. వచ్చే ఏడాది రెండో షెడ్డు వేస్తామని, ప్రథమ చికిత్స పెట్టెకు ఇక తాళం ఉండదని జవాబిచ్చారు. సెలవుల గురించి మాత్రం ఏమీ రాయలేదు. వెళ్లదలచినవారు దరఖాస్తు పెట్టే ముందు ఆ ఒక్క సంగతిని వారి చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.