మార్వెలెట్స్ తొలి రికార్డింగులు: నాలుగేళ్ళు విన్నాక నా మాట

డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ చరిత్ర, అందులో పాడిన సుప్రీమ్స్ గ్రూపు, వాళ్ళ సింగర్ డయానా రాస్, ఇవన్నీ తెలిసినవాళ్ళే ఇది చదువుతారు కాబట్టి ఆ కథ మళ్ళీ మొదలుపెట్టను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, అదే కంపెనీలో మార్వెలెట్స్ అనే అమ్మాయిల గ్రూపు 1961 నుంచి 63 దాకా పాడినవాటిలో వెనక వంత పాడిన అమ్మాయిల గొంతులు. ముందు పాడే గ్లాడిస్ హోర్టన్ గురించి అందరూ రాస్తారు, రాయాలి కూడా, కానీ నన్ను నాలుగేళ్ళుగా పట్టుకుని వదలనిది ఆ వంతే. నా దగ్గరున్నది ఫరెవర్ అని 2009లో వచ్చిన మూడు సీడీల సెట్, తొలి ఆల్బమ్స్ అందులో ఉన్నాయి. కొన్న కొత్తల్లో ప్రతి పాటా బంగారమే అని మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశా, ఆ సంగతి కింద మళ్ళీ చెప్తా.

మేం ఉండేది మిషిగన్‌లో, కాంటన్. నా ఆఫీసు డియర్‌బోర్న్‌లో, పొద్దున్నే ఫ్రీవే జామ్ అయిందంటే మిషిగన్ అవెన్యూ మీద పోతా, దార్లో ఇంక్‌స్టర్ తగుల్తుంది. డియర్‌బోర్న్‌లో నల్లవాళ్ళని ఉండనివ్వని రోజుల్లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేసే నల్లవాళ్ళు చాలామంది వచ్చి ఇళ్ళు కట్టుకున్న ఊరు అది. మార్వెలెట్స్ ఆ ఊరి పిల్లలే, ఇంక్‌స్టర్ హైస్కూల్. ఐదేళ్ళు ఆ రోడ్డు మీద తిరిగాక గానీ నాకీ సంగతి తెలీలేదు.

ఎలా తెలిసిందో చెప్తా. ముందు నేను కొన్నది వేరే సీడీ. గ్యాస్ స్టేషన్లో కౌంటర్ పక్కన స్టాండుకి తగిలించి తక్కువ రేటుకి అమ్ముతారే, ఆ రకం. అట్ట మీద అమ్మాయిల పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో, పెద్ద అక్షరాల్లో గ్రూపు పేరు, కింద హిట్స్ అని. ఏడాదిన్నర అదే విన్నా, వాళ్ళ పెద్ద హిట్ ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మాన్ అంటే అదే అనుకున్నా, నచ్చింది కూడా. డ్రమ్స్ మాత్రం మెషీన్ కొట్టినట్టు మొదట్నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండేవి, పాత పాట కదా అలాగే ఉంటుందేమో అని సరిపెట్టుకున్నా.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, ఇంక్‌స్టర్లోనే పుట్టి పెరిగింది. ఒక జనవరిలో మంచు బాగా పడి ఆవిడ కారు డ్రైవ్‌వే దాటకపోతే కంటి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళా. కారు స్టార్ట్ చేయగానే సీడీ ఆటోమేటిగ్గా మొదలైంది. ఆవిడ ఒక అర నిమిషం విని, చెయ్యి చాపి సౌండ్ తగ్గించి, "గొంతు గ్లాడిస్‌దేనమ్మా, కానీ ఇది ఆ పాట కాదు" అంది. నాకర్థం కాలేదు. తిరిగొచ్చాక వాళ్ళ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి అట్టపెట్టెలోంచి ఒక చిన్న రికార్డు తీసింది, 45 స్పీడుది, మోటౌన్ వాళ్ళదే పసుపు రంగు టామ్లా లేబుల్, అంచు ఒకచోట చిన్నగా పెచ్చు ఊడింది. ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించింది. రెండు సెకన్లు చిటపట, ఆ తర్వాత ఆగమని ఒక్క అరుపు.

ఆ అరుపు దగ్గరే నేను బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుండిపోయా. మైకు ముందు వరసగా నించుని పాడుతున్నట్టు లేదు, వీధి చివర వెళ్ళిపోతున్న మనిషిని నలుగురు పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి పిలిచినట్టుంది. ఆ తర్వాత గ్లాడిస్ ఒక మాట అంటే వెనకవాళ్ళు ఆ మాట అందుకుని ఇంకో మెట్టు పైకి తోస్తారు, ఆమె ఊపిరి తీసుకునే లోపల వీళ్ళు పాటని కింద పడనివ్వరు. మన బుర్రకథలో వంతలు తందాన తాన అని అందుకున్నప్పుడు కథ చెప్పేవాడికి ఎంత బలమొస్తుందో, సరిగ్గా ఆ పనే. గ్లాడిస్ గొంతులో కొంచెం జీర ఉంటుంది, పై స్థాయికి వెళ్ళినప్పుడు చీలుతుంది, దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. నేను మెషీన్ అనుకున్న డ్రమ్స్ దగ్గర ఈ రికార్డులో కూర్చున్నది మార్విన్ గే, అప్పటికి ఆయన ఇంకా పేరున్న సింగర్ కాలేదు. మొత్తం రెండున్నర నిమిషాలే, మళ్ళీ పెట్టమని నేనే అడిగా, మూడుసార్లు పెట్టింది ఆవిడ.

ఇంటికొచ్చి నా సీడీ అట్ట వెనక్కి తిప్పి చూస్తే అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అదే గ్రూపు సభ్యులు తర్వాతి కాలంలో మళ్ళీ పాడిన పాటలు అని. ముందువైపు ఆ ముక్క ఎక్కడా లేదు, ఫోటో మాత్రం 1960ల నాటిది. డబ్బులకి కాదు నా బాధ, ఏడాదిన్నర అసలు పాట వినకుండా విన్నాననుకున్నందుకు. పెద్దవయసులో మళ్ళీ పాడటం వాళ్ళ తప్పేం కాదు, ఆ పాత ఫోటో వేసి అమ్మినవాళ్ళది తప్పు. ఆ వారమే సెట్ ఆర్డర్ పెట్టా.

పాట వెనక కథ కూడా ఆవిడ దగ్గరే మొదట విన్నా, తర్వాత చదువుకున్నా. స్కూల్లో పాటల పోటీ, మొదటి మూడు స్థానాలవాళ్ళకే మోటౌన్లో ఆడిషన్, వీళ్ళకి వచ్చింది నాలుగోది, ఒక టీచరమ్మ పట్టుబట్టి వీళ్ళని కూడా పంపించింది. అక్కడ మీ సొంత పాట తెచ్చుకోండి అన్నారట. గ్రూపులో ఉన్న జార్జియా డాబిన్స్ తెలిసిన పియానో అతని దగ్గర ఒక బ్లూస్ పాట తీసుకుని, పేరు ఒక్కటి ఉంచి మిగతాదంతా రాత్రికి రాత్రి కొత్తగా రాసింది. తీరా కాంట్రాక్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, ఇంట్లో అమ్మ మంచం మీద ఉంది, ఆ అమ్మాయి ఆగిపోయింది. ఆమె జాగాలో వాండా యంగ్ వచ్చింది. ఆ తర్వాత పాటకి చెయ్యి వేసినవాళ్ళలో ఫ్రెడ్డీ గోర్మన్ అనే ఆయన అప్పట్లో నిజంగానే పోస్ట్‌మాన్ ఉద్యోగం చేసేవాడు. 1961 డిసెంబర్లో పాప్ చార్టులో నంబర్ వన్, ఆ చార్టులో మోటౌన్‌కి అదే మొట్టమొదటి నంబర్ వన్. జార్జియా దాన్ని రేడియోలో విని ఉంటుంది, ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతుకి ఏదో అడ్డం పడుతుంది.

ఈ తొలి పాటలే ఎందుకంటే ఇంకో కారణం ఉంది. తర్వాత తర్వాత వీళ్ళ రికార్డుల్లో వెనక గొంతులు చాలాచోట్ల ఆండాంటీస్ అని మోటౌన్ స్టూడియోలో ఉండే ముగ్గురివి. వాళ్ళు గొప్ప పాటగత్తెలు, శ్రుతి వెంట్రుకవాసి తప్పదు, అందులో నాకు సందేహం లేదు. కానీ కాథరిన్ ఆండర్సన్, జార్జియానా టిల్‌మన్, వనీటా కవార్ట్, వాండా, వీళ్ళు గ్లాడిస్ పక్కన నించున్నప్పుడు వచ్చే ఆ క్లాస్‌రూమ్ చనువు అందులో ఉండదు. ప్లేబాయ్ వినండి, బీచ్‌వుడ్ 4-5789 వినండి. ఈ రెండోదాంట్లో అమ్మాయి అబ్బాయికి ఫోన్ నంబర్ ఇస్తుంది, అప్పటి నంబర్లు అలాగే మాటతో మొదలయ్యేవి, బి, ఇ అంటే డయల్ మీద 2, 3. మా అబ్బాయికి ఇది వివరించి చెప్పేసరికి ఇంక్‌స్టర్ దాటేశాం.

మోటౌన్ మ్యూజియంకి కూడా వెళ్ళొచ్చా, డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద ఉన్న ఆ ఇల్లే. పైకప్పులో ఒక కన్నం ఉంటుంది, కింద పాడితే గొంతు అటకలోకి వెళ్ళి మోగి వస్తుంది, ఎకో అలా పుట్టించేవాళ్ళు. దాని కింద నించుని నేనూ చప్పట్లు కొట్టా. చప్పుడు తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ బంగారం సంగతి. నాలుగేళ్ళయ్యాక నిజం చెప్పాలంటే నేను వినేది సగమే. రెండో ఆల్బమ్ మొత్తం అప్పట్లో వేరేవాళ్ళ హిట్ పాటలు మళ్ళీ పాడినవి, హడావుడిగా చుట్టేసినట్టుంటాయి. పోస్ట్‌మాన్ ఆడిందని వెంటనే ట్విస్టిన్ పోస్ట్‌మాన్ అని ఇంకోటి పాడించారు, అది ఒకసారి చాలు. 1963 స్టేజ్ రికార్డింగ్ నేను మళ్ళీ మళ్ళీ వేసుకునే రకం కాదు. వంత గురించి ఇంత చెప్పాను గానీ కొన్ని చోట్ల శ్రుతి తప్పుతుంది, చెవి బాగా తయారైనవాళ్ళకి ఇబ్బందిగా ఉండొచ్చు, కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా వదిన ఐదు నిమిషాలు విని ఇయర్‌ఫోన్స్ తీసేసింది. వాండా ముందుండి పాడిన ఫరెవర్ అనే పాట మాత్రం ఆవిడ కూడా చివరిదాకా వింది.

కొనమంటారా అంటే, నాలా ఇంక్‌స్టర్ దారిలో పోయేవాళ్ళకి, కారులో ఇంకా సీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళకి, పక్కింట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళకి తప్పకుండా కొనండి అంటా. హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకోవాలంటే షిప్పింగే బోలెడవుతుంది, ముందు ఓ నాలుగు పాటలు ఫోన్లో విని చూసుకోండి, 1961 నాటి రికార్డింగేనా కాదా అని చూసి మరీ వినండి. వాండా పాడిన డోంట్ మెస్ విత్ బిల్ (అది 1965 చివర్లో వచ్చింది) లాంటి మెత్తటి పాటలు నచ్చేవాళ్ళైతే ఈ తొలి పాటల గరుకుతనం మీకు పట్టకపోవచ్చు.

పెద్దావిడ పోయినేడాది అట్లాంటాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రికార్డు బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళింది. నా సెట్లో మొదటి సీడీ కారులోనే ఉంది, మిగతా రెండూ డబ్బాలో ఉన్నాయి.