పాము కన్ను తెల్లబడితే ఏది మేలు: తడి డబ్బా, చుక్కల మందా, చిన్న కోతా?

మా చిట్టి మా పెంపుడు బాల్ పైథాన్, అంటే ఒక రకం విదేశీ కొండచిలువ. అది కుబుసం విడిచిన ప్రతిసారీ ఆ కుబుసాన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తాను. చర్మం ముక్కలైందా, ఒకటిగా వచ్చిందా అన్నది తర్వాతి సంగతి. ముందు చూసేది తల. సరిగ్గా విడిచిన కుబుసంలో తలకు రెండు పక్కలా చిన్న గుండ్రటి టోపీలు కనిపిస్తాయి. వాచీ అద్దం ఎలా ఉంటుందో అలా, నున్నగా, పారదర్శకంగా. మొన్నటికి ముందు ఏడాది చలికాలంలో విడిచిన దాంట్లో ఎడమ వైపు టోపీ ఉంది, కుడి వైపు ఒట్టి చిల్లు ఉంది. పాత టోపీ కంటి మీదే ఉండిపోయిందన్నమాట. ఈ ఏప్రిల్‌లో రెండు టోపీలూ చక్కగా వచ్చాయి. అయినా పది రోజులకు ఎడమ కన్ను తెల్లబడింది.

ఈ రెండు సార్లూ పైకి చూస్తే ఒకేలా ఉన్నాయి. చెయ్యాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు. ఆ తేడా తెలియక నేను పన్నెండు రోజులు పోగొట్టాను. పాలమూరులోనో నల్లగొండలోనో పాము పెంచుకునే ఇంకొకరు ఆ పన్నెండు రోజులూ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

పాముకు రెప్పల్లేవు. కన్ను మీద పారదర్శకమైన పొలుసు ఒకటి అంటుకుని ఉంటుంది. డాక్టర్లు స్పెక్టకిల్ అంటారు, నేను అద్దం అంటాను. కుబుసంతోపాటు దీని పై పొర ఊడి వస్తుంది. అద్దానికీ కంటికీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది, అందులో కన్నీరు ఉంటుంది. ఆ నీరు బయటికి కారదు, ఒక సన్నని గొట్టం గుండా నోట్లోకి దిగుతుంది. కాబట్టి పాము కంటి జబ్బు గురించి మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. తెల్లదనం అద్దం మీద ఉందా, అద్దం కింద ఉందా?

దీనికంటే ముందు, అసలు జబ్బు కాని తెల్లదనం ఒకటుంది. కుబుసం విడవబోయే ముందు రెండు కళ్ళూ పాలు కలిపిన నీలంలా మారతాయి. ఒళ్ళంతా మసకబారుతుంది. కొన్ని రోజులకు కళ్ళు మళ్ళీ తేటపడతాయి, ఆ తర్వాత కుబుసం వస్తుంది. ఊళ్ళల్లో పెద్దలు "కుబుసం ముందు పాముకు చూపానదు, దాని జోలికి పోకు" అంటారే, ఆ మాట నిజమే. రెండు కళ్ళూ ఒకేసారి, ఒకే రంగులో మారితే టెన్షన్ పడకండి, చేత్తో పట్టకుండా వదిలేయండి. ఒక్క కన్నే మారితే మాత్రం అది కుబుసం ముందు వచ్చే తెల్లదనం కాదు.

మొదటి దారి, తడి డబ్బా. పాత టోపీ ఉండిపోయినప్పుడు దీన్ని మించింది లేదు. మా దగ్గర ఎండాకాలమే కాదు, చలికాలం కూడా గాలి పొడిగానే ఉంటుంది. బాల్ పైథాన్‌కు సుమారు 60 శాతం తేమ కావాలి, కుబుసం రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. మా ఇంట్లో ఆ చలికాలం తేమ మీటరు 35 దగ్గరే ఆగేది. మూతకు చిల్లు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తడిపి పిండిన కొబ్బరి పొట్టు వేసి, వెచ్చగా ఉండే వైపు పెట్టాను. చిట్టి తనంతట తానే లోపలికి పోయి పడుకునేది. తడి తువ్వాలు మధ్య నుంచి రోజూ కాసేపు పాకనిచ్చాను. టోపీ అప్పుడే ఊడలేదు. తర్వాతి కుబుసంలో రెండు పొరలు కలిసి వచ్చాయి.

అంతవరకూ ఆగాలంటే ఓపిక కావాలి. సెల్లో టేపు అంటించి లాగడం, పట్టకారుతో అంచు లేపడం నేను వీడియోల్లో చూశాను. దయచేసి చెయ్యకండి. పాత టోపీకీ అసలు అద్దానికీ మధ్య తేడా మన కళ్ళకు అందదు. అద్దం చిరిగిందంటే కింద ఉన్న కన్ను ఎండిపోతుంది, ఆ కన్ను ఇక దక్కదు. ఒకటి రెండు కుబుసాలకూ రాకపోతే డాక్టరు మెత్తబరిచి తీస్తారు.

ఈ ఏప్రిల్‌లో కన్ను తెల్లబడగానే, పోయినసారి పనిచేసిందిగా అని మళ్ళీ తడి డబ్బా పెట్టాను. అదే నా మొదటి తప్పు. కుబుసంలో రెండు టోపీలూ నా చేతిలోనే ఉన్నాయి. కంటి మీద మిగలడానికి ఏమీ లేదు. పైగా ఇన్ఫెక్షన్ ఉన్న పామును రోజుల తరబడి తడిలో ఉంచితే ఒంటి మీద కూడా పుండ్లు లేస్తాయి. నాలుగో రోజు మా అమ్మ గిన్నెలో నీళ్ళు మార్చబోయి నన్ను పిలిచింది. "గా కన్ను చూడు బిడ్డా, ఉబ్బింది. గీ పక్క కన్ను గట్ల లేదు." తల పై నుంచి చూశాను. కుడి కన్ను తలతో సమానంగా ఉంది. ఎడమది గుండ్రంగా బయటికి వచ్చింది, లోపల పసుపు కలిసిన తెలుపు. పాత టోపీ మిగిలితే పైభాగం ముడతలు పడి మసకగా ఉంటుంది కానీ కన్ను సైజు మారదు. కన్ను ఉబ్బిందంటే సమస్య అద్దం కిందే.

రెండో దారి, చుక్కల మందు. చౌక, సందు చివర మెడికల్ షాపులో దొరుకుతుంది, పెద్ద కష్టం లేదు. నేనూ కొన్నాను, మనుషుల కంటికి వేసే యాంటిబయాటిక్ చుక్కలు. ఎనిమిది రోజులు వేశాను. అద్దం మూసి ఉన్నంతకాలం ఆ మందు లోపలికి పోదు. కిటికీ మీద ఎంత వాన పడినా గదిలో నేల తడవదు కదా, అలాగే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నేను కొన్న సీసాలో యాంటిబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉందని తర్వాత డాక్టరు చెప్పారు. ఇన్ఫెక్షన్ ఉన్న కంటికి స్టెరాయిడ్ చేరితే ఒంటి రోగ నిరోధక శక్తి అక్కడే తగ్గుతుంది, కంటి పొర మీద పుండు ఉంటే ముదురుతుంది. లేబుల్ చదవకుండా కొనడం నా రెండో తప్పు.

చుక్కల మందు పనికిరాదని కాదు. దాని చోటు వేరు. అద్దానికి దారి చేశాక అదే మందు ప్రాణం పోస్తుంది. కంటికి వేసే జెల్ కూడా ఉండిపోయిన టోపీని మెత్తబరచడానికి పనికొస్తుంది.

మా ఊరి పశువుల దవాఖాన డాక్టరు గారు ఒక్క నిమిషం చూసి నిజాయితీగా చెప్పారు. "బర్రెలకు, మేకలకు నేనున్న. దీనికి మాత్రం పాములు చూసేటోళ్ళ దగ్గరికి హైదరాబాద్ పోండ్రి, ఆలస్యం చేయకుండ్రి." ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

మూడో దారి, చిన్న కోత. పేరు వింటేనే గుండె జారుతుంది. కానీ అద్దం కింద చీము చేరాక ఇంతకంటే మేలైన దారి లేదు, ఎందుకో హైదరాబాద్ డాక్టరు వివరంగా చెప్పారు. మన చీము నీళ్ళలా కారుతుంది. పాము చీము జున్ను ముక్కలా గట్టిగా ఉంటుంది. దానంతట అది కారిపోదు, కరగదు. రక్తంలో మందు ఎక్కించినా ఆ గడ్డ మధ్యలోకి సరిగ్గా చేరదు. అందుకే ఇంజెక్షన్ ఒక్కటే చాలదు, గడ్డను బయటికి తియ్యాలి.

గ్యాస్ మత్తు ఇచ్చి, అద్దం కింది అంచున చిన్న త్రికోణం ముక్క కోశారు. అంతే. మొత్తం అద్దం తియ్యరు, తీస్తే కన్ను ఎండిపోతుంది. ఆ చిన్న కిటికీలోంచి సెలైన్‌తో కడిగితే బియ్యపు నూక లాంటి పసుపు ముక్కలు బయటికి వచ్చాయి. వాటిని కల్చర్ పరీక్షకు పంపారు, ఏ సూక్ష్మజీవి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అన్నది తెలియడానికి. నోరు కూడా తెరిచి చూశారు, ఎడమ పక్క చిగురు ఎర్రగా ఉంది. కన్నీటి గొట్టం నోట్లోకి దిగుతుంది కాబట్టి నోటి ఇన్ఫెక్షన్ అదే దారిలో పైకెక్కుతుంది. కన్ను మాత్రమే చూసి నోరు చూడకపోతే జబ్బు మళ్ళీ వస్తుంది. గొట్టం మూసుకుపోయి తేట నీరు మాత్రమే చేరి కన్ను బుడగలా ఉబ్బడం కూడా ఉంది, దానికీ ఇదే దారి.

ఇంటికి వచ్చాక చుక్కల మందు ఆ కిటికీలోంచి నేరుగా లోపలికి పోయింది. మూడు రోజులకోసారి సెఫ్టాజిడిమ్ అనే యాంటిబయాటిక్ ఇంజెక్షన్. మోతాదు బరువును బట్టి ఉంటుంది, డాక్టరు చెప్పాల్సిందే. వెచ్చటి వైపు 31, 32 డిగ్రీలు తప్పనిసరిగా ఉంచమన్నారు, ఒళ్ళు చల్లబడితే పాము జబ్బుతో పోరాడలేదు. తడి డబ్బా తీసేసి కాగితాలు పరిచాను, రోజూ మార్చాను.

పేనులాంటి నల్లటి మైట్స్ కంటి అంచున నక్కి ఉన్నా కన్ను చుట్టూ వాస్తుంది. నీళ్ళ గిన్నెలో నల్లటి చుక్కలు తేలితే వాటికి వైద్యం పాముకే కాదు, అది ఉండే తొట్టి మొత్తానికీ చెయ్యాలి.

కోతకు ఇబ్బంది లేదని అనను. ఖర్చుంది, మత్తులో కొంత ప్రమాదముంది, దూరముంది. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే బయల్దేరండి. పామును దిండు గలీబులో వేసి మూతి కట్టి, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. ఆపిన కారులో ఒక్క పది నిమిషాలు కూడా వదలకండి. తిండి పెట్టిన రెండు మూడు రోజుల్లో ప్రయాణం వద్దు, కక్కేస్తుంది.

కాగితాలు కూడా వెంట ఉంచుకోండి. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. మన దేశపు జెర్రిపోతునో కొండచిలువనో ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. చేనులో కళ్ళు తెల్లబడిన పాము కనిపిస్తే పట్టి వైద్యం చెయ్యబోకండి, అది కుబుసానికి సిద్ధమవుతోంది.

కాబట్టి నన్నడిగితే, కన్ను మామూలు సైజులోనే ఉండి కుబుసంలో చిల్లు ఉంటే తడి డబ్బా, ఓపిక. కన్ను ఉబ్బితే, పసుపు కనిపిస్తే, ఆ వారంలోనే కోత చెయ్యగల డాక్టరు. చుక్కల మందు ఆ డాక్టరు రాసిచ్చాకే.

జూన్ మొదటి వానల తర్వాత చిట్టి మళ్ళీ కుబుసం విడిచింది. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాను. రెండు టోపీలూ ఉన్నాయి. ఎడమదాని కింది అంచున గోటితో గిల్లినట్టు చిన్న మూడు మూలల గాటు ఉంది. తొట్టిలోకి చూస్తే రెండు కళ్ళూ ఒకే నలుపులో మెరుస్తున్నాయి.