చంద్రా, ఎక్స్‌ఎంఎం–న్యూటన్: తొమ్మిదేళ్లు వాడాక

తొమ్మిదేళ్లుగా నా పని ఒకటే: స్పైరల్ గెలాక్సీల చుట్టూ ఉండే వేడి వాయువును ఎక్స్‌రే డేటాలో వెతకడం. గెలాక్సీ ఏర్పడేటప్పుడు లోపలికి పడిన వాయువు వేడెక్కి చుట్టూ నిలిచిపోవాలని సిద్ధాంతం చెబుతుంది, దాన్నే హేలో అంటాం. వేడి 20, 30 లక్షల డిగ్రీలు. కానీ ఎంత పలుచనంటే, ఉందో లేదో తేల్చడానికే నా పీహెచ్‌డీ సగం అయిపోయింది.

చంద్రా, ఎక్స్‌ఎంఎం–న్యూటన్ రెండూ అంతరిక్షం నుంచి ఎక్స్‌రేలు చూసే టెలిస్కోపులు, రెండూ 1999లోనే వెళ్లాయి. చంద్రా చూపు చాలా పదును, అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). గెలాక్సీలో ఎక్స్‌రేలు చిమ్మే జంట నక్షత్రాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి తీసేయొచ్చు. తీసేయకపోతే అవన్నీ కలిసిపోయి వాయువులాగే కనిపిస్తాయి. చిక్కల్లా డిటెక్టర్ ముందున్న ఫిల్టర్‌తోనే. ఇన్నేళ్లలో దాని మీద మురికి పొర పేరుకుని, 1 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ (ఫోటాన్, అంటే కాంతి రేణువు, శక్తిని కొలిచే ప్రమాణం) లోపు ఫోటాన్లను మింగేస్తోంది. మన వాయువు వెలిగేదే అక్కడ! అందుకే ఆర్కైవ్‌లో 2000 ప్రాంతపు డేటా దొరికితే నాకు పండగే.

ఎక్స్‌ఎంఎం–న్యూటన్‌లో మూడు టెలిస్కోపులు, ఒక్కోదాంట్లో ఉల్లిపొరల్లా 58 అద్దాలు. ఫోటాన్లు బాగా పోగవుతాయి. మసక హేలో కావాలంటే నేను ముందు దీన్నే తెరుస్తాను. కాకపోతే ప్రోటాన్ల తాకిడి ఎక్కువ. రాత్రంతా కూర్చుని డేటా దించుకుని, పొద్దున లైట్ కర్వ్ (సమయాన్ని బట్టి ఎన్ని ఫోటాన్లు పడ్డాయో చూపే గ్రాఫ్) గీస్తే, ఆ ప్రోటాన్ల వల్ల అంతా ముళ్లకంపే. అవి కోసేశాక సగం ఎక్స్‌పోజర్ కూడా మిగలని రోజులున్నాయి.

ఇంతకీ అసలు పనంతా బ్యాక్‌గ్రౌండ్ తీసేయడమే. డిటెక్టర్ సొంత గోల ఒకటి, సౌరగాలి వల్ల పుట్టే ఎక్స్‌రేలు ఇంకొకటి. వీటికి తోడు మన పాలపుంత వేడి వాయువు. దాని లోపల కూర్చుని పక్క గెలాక్సీ హేలోని చూడాలి, పెళ్లింట్లో బాజాల మధ్య పక్కింటి రేడియో విన్నట్టు. మొదటి ఏడాది నాకొక అందమైన హేలో కనిపించింది. స్వీట్లు కూడా పంచాను. మా గైడ్ చూసి, "బ్యాక్‌గ్రౌండ్ ఇంకోచోట నుంచి తీసి చూడు" అన్నారు. తీసి చూస్తే హేలో లేదు. తర్వాత తెలిసింది, ఎన్‌జీసీ 5746 అనే గెలాక్సీ చుట్టూ 2006లో ప్రకటించిన హేలో కూడా 2009లో సరిచేసిన లెక్కలకు నిలవలేదని. కాస్త ఊరట.

నికరంగా దొరికినవి ఎన్‌జీసీ 1961, యూజీసీ 12591 లాంటి భారీ గెలాక్సీల చుట్టూనే. అక్కడ కూడా వాయువు బరువు చెప్పేటప్పుడు నాకు టెన్షనే. ఫోటాన్లు తక్కువైనప్పుడు లోహాల (మా భాషలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ లోహాలే) పాలు ఎంతో తేలదు, సూర్యుడిలో ఉన్నదాంట్లో 0.3 వంతు అనుకుని లాగిస్తాం. ఆ అంకె మారిస్తే బరువూ మారుతుంది. పేపర్లలో ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పాలపుంత అంత గెలాక్సీలకైతే ఆకాశమంతా సర్వే చేసిన ఎక్స్‌రే టెలిస్కోప్ ఇరోసిటానే దిక్కు. వేల గెలాక్సీల సిగ్నల్ కలిపితే హేలో తేలింది. అదీ 2022 ఫిబ్రవరి నుంచి ఆగిపోయింది. 2023లో వెళ్లిన ఎక్స్‌రే టెలిస్కోప్ ఎక్స్‌రిజమ్ మీద బోలెడు ఆశ పెట్టుకున్నాను. దాని ప్రధాన డిటెక్టర్ ముందు తలుపు తెరుచుకోక ఆ డిటెక్టర్‌కు 1.7 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ లోపు చూపు పోయింది, అంటే మనకు సున్నా. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ మీద మమకారం ఉన్నా, దాని సాఫ్ట్ (తక్కువ శక్తి) ఎక్స్‌రే టెలిస్కోప్ చూపు ఈ పనికి చాలా మసక.

డేటాకూ సాఫ్ట్‌వేర్‌కూ పైసా ఖర్చు లేదు, మామూలు లాప్‌టాప్ చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎన్‌జీసీ 891 తీసుకోండి. 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అంచు మనవైపు తిరిగి ఉంది కాబట్టి, గెలాక్సీ డిస్క్ పైకి లేచిన వాయువు విడిగా కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ కనీసం మూడు చోట్ల నుంచి తీసి చూశాకే గైడ్‌కి మెయిల్ పెట్టండి. స్వీట్లు ఆ తర్వాత.