"సెలెక్ట్ అయ్యారు" అని మెసేజ్ వస్తే రూపాయి కూడా కట్టకండి: విజయవాడ డ్యాన్స్ పిల్లల తల్లిదండ్రులకి

ఆ ట్రస్టు పేరు రాయడం లేదు. రాయక్కర్లేదు కూడా. బెజవాడలో పిల్లల్ని కూచిపూడికో సంగీతానికో పంపేవాళ్లలో ఆ ఫ్లెక్సీ చూడనివాళ్లు ఎవరున్నారు? పైన నటరాజు, కింద శాలువా కప్పుకున్న సార్ గారు, మధ్యలో "పేద కళాకారులకు చేయూత". ఆ చేయూత ఏపాటిదో నిన్న సాయంత్రం వాళ్ల ఆఫీసులోనే కళ్లారా చూసొచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

జరిగింది గబగబా చెప్పేస్తాను. డ్యాన్స్ క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆడిషన్ ఉచితం, ఎంపికైన పిల్లలకి ఏడాదికి 25,000 చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్, దాంతోపాటు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో స్టేజీ ఎక్కే అవకాశం. మా పాపకి పదకొండేళ్లు. వినాయక కౌత్వం అనే నాట్యం అయిపోయి ఇప్పుడిప్పుడే జతిస్వరం అనే ఇంకోటి పట్టుకుంది. ఆడిషన్ అయిన మర్నాడే "సెలెక్ట్ అయ్యారు, శుభాకాంక్షలు" అని మెసేజ్. అక్కణ్ణుంచి మొదలైంది వసూలు. రిజిస్ట్రేషన్ 2,500. డ్రెస్సు, నగలు, మేకప్ వాళ్ల దగ్గరే తీసుకోవాలట, 6,000. స్కాలర్‌షిప్ లిస్టులో పేరుండాలంటే తల్లిదండ్రులు ట్రస్టులో సభ్యులవ్వాలట, దానికి 10,000, అది మాత్రం క్యాష్. ఈ మాట ట్రస్టు మేడమ్ వాయిస్ మెసేజ్‌లో చెప్పారు. అన్నీ కలిపి 18,500.

రిజిస్ట్రేషన్ డబ్బులు ఫోన్‌పేలో కొడుతుంటే ట్రస్టు పేరు రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. మావారు "ఇదేంటి?" అన్నారు. "పిల్లకి మంచి జరుగుతుంటే మీకెప్పుడూ అనుమానాలే" అని ఆయన నోరు మూయించిన ఘనత నాదే.

ప్రోగ్రాం సంగతి కూడా వినండి. పొద్దున్నే మేకప్ వేయించి కూర్చోబెడితే, భోజనాల వేళ దాటాక పిల్లల్ని మందగా స్టేజీ మీదికి తోలారు. జతిస్వరం సగంలో ఉండగా ముఖ్య అతిథి వచ్చారని పాట ఆపేశారు. పిల్లలంతా అరమండిలోనే, అంటే మోకాళ్లు వంచిన భంగిమలోనే, నిలబడిపోయారు. శాలువాలు, బొకేలు, ఫొటోలు అయ్యాక పాట మళ్లీ పెట్టలేదు. "టైమ్ అయిపోయింది, దిగండమ్మా" అన్నారు. కింద ఉన్నదెవరయ్యా అంటే మేమే, ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులం. పక్కనున్న వాళ్లతో మాటలు కలిశాక తెలిసింది, ఆడిషన్‌కి వెళ్లిన పిల్లల్లో సెలెక్ట్ కానివాళ్లు ఒక్కరు కూడా లేరని. ఇచ్చిన సర్టిఫికెట్‌లో పాప పేరు వైట్‌నర్ పూసిన చోట పెన్నుతో రాసి ఉంది. వెలుతురుకి పట్టుకుంటే కింద ఇంకో పిల్ల పేరు చక్కగా కనపడుతుంది.

అయినా స్కాలర్‌షిప్ వస్తుంది కదా అని ఊరుకున్నాం. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెడితే బ్లూ టిక్ పడుతుంది, జవాబుండదు. డ్యాన్స్ టీచర్ గారిని అడిగితే "నేను ఊరికే ఫార్వర్డ్ చేశానండి, నాకేం సంబంధం లేదు" అన్నారు. నిన్న క్లాసు నుంచి పాపని తీసుకుని నేరుగా ఆఫీసుకే వెళ్లాను.

సార్ గారు ఉన్నారు. మొదట ఎంతో మర్యాద. "రండమ్మా, కూర్చోండి, పాపకి మంచినీళ్లివ్వండి." స్కాలర్‌షిప్ మాట ఎత్తగానే "ఫండ్స్ రావాలమ్మా" అన్నారు. అయితే మా 10,000 మాకు ఇచ్చేయమన్నాను. రసీదు అడిగి తీసుకున్నారు. కళ్లజోడు సవరించుకుని, ఒక లైను మీద వేలు పెట్టి నావైపు తిప్పారు.

"ఇక్కడేం రాసుందమ్మా? స్వచ్ఛంద విరాళం. మీరు సంతకం పెట్టిన ఫారంలో కూడా ఉంది, విరాళం తిరిగి ఇవ్వబడదని. చదువుకున్నవాళ్లలా ఉన్నారు, దానం చేసిన చేత్తోనే వెనక్కి అడగడానికి ఎలా మనసొప్పిందమ్మా?"

నా వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నోట మాట రాలేదు. తేరుకుని, మీ మేడమ్ వాయిస్ మెసేజ్‌లో సభ్యత్వం అన్నారు కదా, పది కడితేనే లిస్టులో పేరన్నారు కదా అన్నాను. ఆయన నాకు జవాబు చెప్పలేదు. పాప వైపు చూసి నవ్వుతూ, "అయినా పాపకి తాళం నిలవడం లేదమ్మా. మేం ఇద్దామనుకున్నా కమిటీ ఒప్పుకోదు" అన్నారు.

18,500 పోతే పోయాయి. ఆ మాట పిల్ల మొహం మీద అనాలా? ఆడిషన్‌లో నిలిచిన తాళం డబ్బు అడిగేసరికి తప్పిందా? పాప ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. గజ్జెల సంచి మూల పడేసింది, ఇవాళ క్లాసుకి వెళ్లనంది.

బయటికొస్తుంటే ఒకాయన పలకరించారు. ఆటో నడుపుతారట, వాళ్లమ్మాయి వీణ నేర్చుకుంటోంది. ఆయన చేతిలోనూ అదే రసీదు. అంటే మేమిద్దరం కళాపోషకులం అన్నమాట! అప్పు చేసి మరీ ఆ సార్ గారి శాలువాలకి దానం చేసిన మహారాజ పోషకులం.

రాత్రి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే సీఏ గారికి రసీదు చూపించాను. దాని మీద పాన్ నంబరు లేదు, దాతకి పన్ను మినహాయింపు రావడానికి ట్రస్టుకి ఉండాల్సిన 80జీ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. 80జీ ఉన్న ట్రస్టు అయితే తీసుకున్న విరాళం ఆదాయపన్ను శాఖకి చూపించి, దాతకి 10బీఈ అనే సర్టిఫికెట్ ఇవ్వాలట. 2,000 దాటి క్యాష్‌గా ఇస్తే పన్ను మినహాయింపే రాదట. ఫలానాది ఇస్తామని చెప్పి తీసుకున్న డబ్బుకి విరాళం అని రసీదు రాసినంత మాత్రాన అది విరాళం అయిపోదని కూడా ఆయనే అన్నారు. వాయిస్ మెసేజ్ డిలీట్ చేయొద్దని గట్టిగా చెప్పారు. అదొక్కటే ఇప్పుడు నా ఆస్తి.

నిజంగా స్కాలర్‌షిప్ కావాలంటే కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉండే సీసీఆర్‌టీ వాళ్లది చూడండి. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి, నాట్యం, సంగీతం లాంటివి నేర్చుకునేవాళ్లకి. ఏడాదికి 3,600, గురువుకి కట్టే ఫీజు కింద 9,000 దాకా. అంటే నెలకి 300 రూపాయలు! సర్కారు ఇచ్చేదే అంత ఉంటే, ఊరూ పేరూ లేని ట్రస్టు ఏడాదికి 25,000 ఎక్కణ్ణుంచి తెచ్చి పంచుతుంది? పైగా వచ్చిన ప్రతి పిల్లకీ? ఈ లెక్క వేయడానికి సీఏ చదవక్కర్లేదు. ఇక సర్టిఫికెట్టే కావాలనుకుంటే మన దుర్గాపురంలోనే ఘంటసాల గారి పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. వైట్‌నర్ పూయరు.

మీరు కూడా ఇరుక్కుని ఉంటే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనంతట మనమే కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇంకా కట్టనివాళ్లకి ఒకటే మాట. స్కాలర్‌షిప్ ఇచ్చేవాడు మనకి డబ్బిస్తాడు, మన దగ్గర తీసుకోడు.

రసీదులున్నవాళ్లు పారేయకండి, ఫొటో తీసి నాకు పంపండి. ఆటో ఆయనా నేనూ కేసు వేస్తున్నాం, ఇంకొందరు కలిస్తే బలం ఉంటుంది. ఈ ఆదివారం గుంటూరులో మళ్లీ "ఉచిత ఆడిషన్స్" అట, బ్రాడీపేటలో ఫ్లెక్సీలు కట్టేశారని మా చెల్లెలు ఇప్పుడే ఫోన్ చేసింది. అక్కడ తెలిసినవాళ్లుంటే ఇది పంపండి.